ఒక్క పేరా చాలనుకున్న దొర

"ఏంది సార్, సగం పుస్తకం అయిపోయినా తెల్లోళ్ళు రాలేదు?"

ఒంగోలులో డిగ్రీ పిల్లలకు ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ అనే ఆఫ్రికా నవల చెప్తుంటే వెనక బెంచీ నుంచి వచ్చిన ప్రశ్న ఇది. అడిగిన కుర్రాడిది కనిగిరి వైపు. మొదటి రోజే నేను బోర్డు మీద ‘వలసానంతర నవల’ అని రాశాను. ఆ మాట చూసి అతను వేరే ఏదో అనుకున్నాడట. మా పశ్చిమ ప్రకాశంలో వలస అంటే బేల్దారి పనికి ఇల్లు తాళం పెట్టి హైదరాబాదుకో బెంగళూరుకో పోవడం. కాబట్టి వలసానంతరం అంటే తిరిగొచ్చాక జరిగే కథ అనుకున్నాడు. కాదురా, ఇది పరాయి పాలన సంగతి అని చెప్పాను. అప్పటి నుంచీ తెల్లవాళ్ళ కోసం ఎదురుచూస్తున్నాడు. వాళ్ళు ఎంతకీ రారు.

"వస్తారులే, ఓపిక పట్టు" అనేసి ఆ పూటకి తప్పించుకున్నాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే, ఆ నవల గురించి అడగాల్సిన ప్రశ్నల్లో అంతకంటే మంచిది లేదనిపించింది. వాళ్ళు ఎందుకు ఆలస్యంగా వస్తారు? ఆలస్యం చేసింది ఎవరు?

ముందు లెక్క చెప్తాను. నైజీరియా రచయిత చినువా అచెబె ఈ నవలను 1958లో అచ్చేశాడు. మూడు భాగాలు, మొత్తం 25 అధ్యాయాలు. మొదటి భాగానికే 13 అధ్యాయాలు పోతాయి. తెల్లవాళ్ళు నిజంగా వచ్చారన్న కబురు మొదటిసారి తెలిసేది 15వ అధ్యాయంలో. అప్పుడు కూడా వాళ్ళు మన కళ్ళ ముందుకు రారు. ఒకోంక్వో అనే కథానాయకుడి దగ్గరికి ఒబియెరికా అనే స్నేహితుడు వచ్చి, పక్క ఊరు అబామేలో ఏం జరిగిందో చెప్తాడు. అంతకుముందు వాళ్ళ ప్రస్తావన వస్తే అది ఒక వేళాకోళంగానే వస్తుంది. అంటే ఒక ఖండం చరిత్రను తలకిందులు చేసిన సంఘటన ఈ నవలలో ఎవరో చెప్పగా విన్న కబురుగా, సగం దాటాక అడుగుపెడుతుంది.

కథ జరగడానికి పట్టిన కాలం ఒకటి, దాన్ని చెప్పడానికి పట్టే కాలం ఇంకొకటి. ఈ రెండూ వేరని మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. మూడు రోజుల పెళ్ళికి వెళ్ళొచ్చిన పక్కింటామె ఆ పెళ్ళంతా పది నిమిషాల్లో చెప్పేస్తుంది. భోజనాల దగ్గర అయిదు నిమిషాలు జరిగిన తగవును మాత్రం గంటసేపు చెప్తుంది. ఆమెకు ఏది ముఖ్యమో, ఎవరి పక్షాన ఉందో ఆ గంటలోనే తెలిసిపోతుంది. ఫ్రెంచి విమర్శకుడు జెరార్ జెనెట్ 1972లో దీన్నే శాస్త్రంలా కూర్చి మూడు ప్రశ్నలు పెట్టాడు. ఏది ముందు చెప్పారు, ఏది వెనక చెప్పారు? దేనికి ఎంత చోటు ఇచ్చారు? ఒకసారి జరిగినదాన్ని ఎన్నిసార్లు చెప్పారు, లేదా ఎన్నోసార్లు జరిగినదాన్ని ఒక్కసారిగా ఎలా చెప్పారు? పేర్లు పెద్దవి గానీ, పక్కింటామెకు ఇవన్నీ తెలుసు.

మొదటి ప్రశ్న సంగతి మా నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకు మరీ తెలియాలి. తెలుగు భారతం ఎలా తయారైందో చూడండి. 11వ శతాబ్దంలో నన్నయ రాజమహేంద్రవరంలో మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో ఆపేశాడు. 13వ శతాబ్దంలో నెల్లూరులో తిక్కన ఆ మిగిలిన ముక్క జోలికి పోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకుని పదిహేను పర్వాలు పూర్తిచేశాడు. 14వ శతాబ్దంలో, అద్దంకి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్న ఎర్రన వచ్చి ఆ ఖాళీ పూరించాడు. ఇప్పుడు మనం వరసగా చదువుకుంటూ పోతే 11వ శతాబ్దం నుంచి 14కి దూకి, మళ్ళీ 13కి వెనక్కొస్తాం. అయినా అడుగు తడబడదు. నన్నయ పద్యం శరత్కాలపు రాత్రుల దగ్గర ఆగింది. ఎర్రన పద్యం శరత్కాలపు సూర్యోదయంతో మొదలైంది. కథలో ఒక రాత్రి గడిచింది, అంతే. అది తెల్లవారడానికి బయట రెండున్నర శతాబ్దాలకు పైగా పట్టింది. పైగా ఎర్రన తన పేరు వెనక్కి పెట్టి, ఎప్పుడో పోయిన రాజరాజనరేంద్రుడికే ఆ భాగాన్ని అంకితమిచ్చాడు, నన్నయే రాసినట్టు. కుట్టు కనపడకూడదని. కాలాన్ని దాచిపెట్టడం కూడా ఒక కథన విద్యే. నా మటుకు నాకు ఎర్రన పద్యాల కంటే ఆ దాపరికమే ఎక్కువ ఇష్టం.

అచెబె కాలాన్ని దాచడు. కొన్నిచోట్ల ముందే బయటపెట్టేస్తాడు. యుద్ధం తప్పించుకోవడానికి పక్క ఊరివాళ్ళు ఇకెమెఫునా అనే పిల్లవాణ్ణి ఒకోంక్వో ఊరు ఉమోఫియాకు అప్పగిస్తారు. ఆ పిల్లవాడి పేరు మనం వినేది మొదటి అధ్యాయం చివర. అక్కడే అతను చావు రాసిపెట్టి ఉన్నవాడని కథకుడు చెప్పేస్తాడు. ఆ తర్వాత ఆ పిల్లవాడు మూడేళ్ళు ఒకోంక్వో ఇంట్లో పెరుగుతాడు. కథలు చెప్తాడు, ఆ ఇంటి పెద్దకొడుకుతో కలిసిపోతాడు, ఒకోంక్వోను నాన్నా అంటాడు. మనం నవ్వలేం. పద్మవ్యూహం హరికథ వినేటప్పుడు అభిమన్యుడు రథం ఎక్కుతుంటేనే ముసలమ్మలు కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంటారే, అలా ఉంటుంది. ఏం జరుగుతుందో తెలిసిపోయాక చదివేవాడి చూపు ‘తర్వాత ఏమిటి’ నుంచి ‘ఇది ఎలా జరగనిచ్చారు’ వైపు మళ్ళుతుంది. ఈ పాపం తెల్లవాళ్ళ ఖాతాలోది కాదు, అదీ గమనించాలి. వాళ్ళు రాకముందే జరిగిపోయింది. తమ లోకం తప్పుల్లేని స్వర్గమని అచెబె ఎక్కడా చెప్పలేదు. తెల్లవాళ్ళు ఆలస్యంగా రావడం వల్లే మనకు ఆ లోకంలోని మంచీ చెడూ రెండూ చూసే తీరిక దొరికింది.

నాకు అసలు విషయం రెండో ప్రశ్నలో ఉంది. దేనికి ఎంత చోటు?

నవల చివరి పేజీకి వెళ్దాం. ఒకోంక్వో కోర్టు బంట్రోతును నరికి, ఉరేసుకుని చనిపోయాడు. జిల్లా కమిషనర్ వచ్చి చూశాడు. ఆ దొర ఒక పుస్తకం రాసుకుంటున్నాడు. తిరిగి వెళ్తూ తనలో తాను అనుకుంటాడు: ఈ మనిషి కథ చదవడానికి బాగుంటుంది, ఒక అధ్యాయం రాయొచ్చు. అధ్యాయం ఎక్కువేమో, ఒక మంచి పేరా చాలు. రాయాల్సినవి చాలా ఉన్నాయి, వివరాలు కత్తిరించడంలో గట్టిగా ఉండాలి. పుస్తకానికి పేరు కూడా ముందే పెట్టుకున్నాడు. దిగువ నైజర్ ప్రాంతపు ఆటవిక తెగలను శాంతపరచడం గురించి, అని. నవల అక్కడ ఆగిపోతుంది.

ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసి చేతిలో బరువు చూసుకోవాలి. ఇప్పటిదాకా మనం చదివిన 25 అధ్యాయాలు ఆ దొర ఒక పేరాలో సరిపెట్టదలచుకున్న మనిషివి. పద్దెనిమిదేళ్ళప్పుడు అతను గెలిచిన కుస్తీ, అప్పుచేసి తెచ్చిన కంద విత్తనం ఎండిపోయిన ఏడాది, తండ్రి మీద సిగ్గు, కూతురికి జ్వరం వచ్చిన రాత్రి, అన్నీ దొర దృష్టిలో కత్తిరించాల్సిన వివరాలు. దొర రాయబోయే పేరాలో ఒకోంక్వో జీవితం ఎక్కడ మొదలవుతుంది? బంట్రోతును చంపిన నిమిషం దగ్గర. దొర కంట పడిన క్షణం నుంచే ఆ మనిషికి చరిత్ర. అంతకుముందంతా ఖాళీ. అచెబె ఆ ఖాళీని 13 అధ్యాయాలతో నింపేదాకా దొరల్ని గడప బయటే నిలబెట్టాడు. మా కనిగిరి కుర్రాడి ఎదురుచూపు ఊరికే పోలేదు. వాళ్ళ కోసం ఎదురుచూసినంతసేపూ అతను ఉమోఫియాలో బతికాడు.

వేగం కూడా గమనించండి. మొదటి భాగంలో ఏళ్ళు నిదానంగా దొర్లుతాయి. ‘ఏటా విత్తనం వేసేముందు ఇలా చేస్తారు’, ‘పంట ఇంటికొచ్చాక ఇలా ఉంటుంది’ లాంటి వాక్యాలు ఎక్కువ. వందసార్లు జరిగినదాన్ని ఒక్కసారి చెప్పే వాక్యాలవి. మన భాషలో అలవాటును చెప్పే క్రియలన్నీ అక్కడికి సరిపోతాయి: వెళ్ళేవాళ్ళు, పాడుకునేవాళ్ళు, పంచుకునేవాళ్ళు. మూడో భాగానికి వచ్చేసరికి ఆ వాక్యాలు తగ్గిపోతాయి. ఒకడు పితృదేవత వేషం ముసుగు లాగేశాడు, చర్చి తగలబడింది, పెద్దల్ని పట్టుకెళ్ళారు, జరిమానా వేశారు. అన్నీ ఒక్కసారే జరిగేవి, ఒకదాని నెత్తిమీద ఒకటి. ఒక సమాజం కూలిపోతోందని రచయిత ఎక్కడా ఉపన్యాసం ఇవ్వడు. ‘ఏటా’ అనే మాట ఆ ఊరి నోట్లోంచి జారిపోతుంది.

ఆ ఊరివాళ్ళకు వారం అంటే నాలుగు రోజులు. నాలుగు సంతల పేర్లే నాలుగు రోజుల పేర్లు. ఏడాదిని కంద సాగుతో కొలుస్తారు. నవలలో ఎక్కడా క్రీస్తు శకం తేదీ కనపడదు. దొరల లెక్కలో ఇది ఏ సంవత్సరమో అంటూ మనం వెతుక్కుంటే, మనం ఎవరి గడియారం చేతికి పెట్టుకుని చదువుతున్నామో తెలిసిపోతుంది.

మా అవ్వ గడియారం కూడా వేరు. అవ్వది కందుకూరు దగ్గర పల్లె. వాళ్ళ సేద్యం అంతా కార్తెల మీద నడిచేది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి, మృగశిరలో తొలకరి పడాలి. ఇక సంవత్సరాలకు అంకెలుండవు, పేర్లుంటాయి. ధాత కరువు గురించి ఆమె తన అవ్వ దగ్గర విన్నది చెప్పేది. ప్రభుత్వ కాగితాల్లో అది 1876–78 నాటి మద్రాసు ప్రెసిడెన్సీ కరువు. నెల్లూరు జిల్లానూ అది వదల్లేదు. కాగితాల్లో ఆ కరువుకు మొదలు ఉంది, తుది ఉంది, అయిపోయింది. అవ్వ లెక్కలో అయిపోలేదు. 1996లో ఉగాది పంచాంగం చదువుతూ అయ్యవారు ‘శ్రీ ధాత నామ సంవత్సరం’ అనగానే ఆమె ముఖం మారిపోయింది. అరవై ఏళ్ళ చక్రం తిరిగి అదే పేరు మళ్ళీ వచ్చింది. "మళ్ళా వచ్చిందా ఇది" అని, ఆ ఏడంతా ఇంట్లో జొన్నలు ఒక మూట ఎక్కువే ఉంచింది. నేను నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. తాను చూడని కరువును నూట ఇరవై ఏళ్ళ తర్వాత కూడా గుర్తుపెట్టుకోవడానికి ఆమెకు ఆ చక్రం పనికొచ్చింది.

అలా అని విమర్శ వ్యాసాల్లో కనపడే తేలిక సూత్రాన్ని నేను ఒప్పుకోను. దొరల కాలం గీతలాగా ఉంటుంది, మన కాలం చక్రంలాగా ఉంటుంది, కాబట్టి ముందువెనకలుగా రాసిన ప్రతి నవలా తిరుగుబాటే అంటారు కొందరు. జెనెట్ తన సిద్ధాంతమంతా తయారుచేసుకున్నది ప్రూస్ట్ అనే ఫ్రెంచి రచయిత నవల మీద. కాలాన్ని కలగాపులగం చేయడం యూరప్ వాళ్ళకు బాగా తెలిసిన విద్యే. అటు అచెబె కథ చాలావరకు తిన్నగానే నడుస్తుంది. కాబట్టి గీతా చక్రమా అని కాక, ఆ గీత మీద గుర్తులు పెట్టింది ఎవరు అని అడగాలి.

అబామే సంగతి అందుకే నన్ను వదలదు. సైకిలు మీద ఒంటరిగా వచ్చిన తెల్లవాణ్ణి ఆ ఊరివాళ్ళు చంపి, సైకిలును చెట్టుకు కట్టేస్తారు. కొన్నాళ్ళు ఏమీ జరగదు. తర్వాత తెల్లవాళ్ళు మనుషుల్ని వేసుకుని వచ్చి కాల్పులు జరుపుతారు. ఏ రోజున? పెద్ద సంత రోజున. ఊరు ఊరంతా ఒకచోట చేరే రోజు అదని తెలుసుకుని, సంత నిండేదాకా ఆగి చుట్టుముడతారు. ఆ వారాన్ని అనాగరికమని కొట్టిపారేసే పాలనే, చంపడానికి మాత్రం దాన్ని చక్కగా చదువుకుంది. మా వైపు సంతలకు వెళ్ళిన ఎవరికైనా ఆ పేజీ చదివితే ఒళ్ళు జలదరిస్తుంది.

ఒకోంక్వోకు పడిన శిక్ష కూడా కాలమే. పొరపాటున తుపాకి పేలి ఒక కుర్రాడు చనిపోయినందుకు ఏడేళ్ళు ఊరు విడిచి ఉండాలి. అది అక్కడి ధర్మం. ఏడేళ్ళయ్యాక తిరిగొచ్చి దర్జాగా మళ్ళీ మొదలుపెట్టొచ్చని ఒకోంక్వో లెక్కలు వేసుకుంటాడు. తెగిన తోక మళ్ళీ మొలిపించుకునే బల్లిలాంటిది ఊరు, పోయినవాడి చోట ఇంకొకడు మొలుస్తాడు, అంటాడు కథకుడు. మా జిల్లా నుంచి కువైట్ పోయి ఏడెనిమిదేళ్ళకు తిరిగొచ్చినవాళ్ళను అడగండి, బల్లి సంగతి వాళ్ళు ఇంకా బాగా చెప్తారు. పంపిన డబ్బుతో ఇల్లు లేచింది, పిల్లలు ఎదిగారు, ఆ ఇంట్లో తన కుర్చీ ఏదో తెలియదు. ఒకోంక్వో విషయంలో ఇంకో మెలిక ఉంది. అతను ఊరి క్యాలెండర్ ప్రకారం ఏడేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. ఆ ఏడేళ్ళలో ఊరు ఇంకో క్యాలెండర్‌కు మారిపోయింది. చర్చి వచ్చింది, కోర్టు వచ్చింది, జైలు వచ్చింది. తిరిగొచ్చిన రోజున కూడా అతను పాత సంవత్సరంలోనే ఉన్నాడు. మా పిల్లలు ఒకోంక్వోను మూర్ఖుడని తిడతారు. నాకు అతను ఆలస్యమైన మనిషిలా కనిపిస్తాడు.

ఆ దొర పుస్తకం కల్పన. అయితే అలాంటివి నిజంగా చాలా వచ్చాయి. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. అందులో మా యానాదులూ ఉన్నారు. అలాంటి పుస్తకాలన్నిట్లో ఒక వ్యాకరణం కనిపిస్తుంది: వీళ్ళు ఇలా తింటారు, ఇలా పెళ్ళి చేసుకుంటారు, ఇలా పాతిపెడతారు. అంతా వర్తమానంలో. వినడానికి అమాయకంగా ఉంటుంది. కానీ ఆ ‘తింటారు’కు నిన్న లేదు, రేపు లేదు. రాసేవాడు మాత్రం 1909లో ఉన్నాడు. వాడి కాగితం మీది మనుషులు ఏ కాలంలోనూ లేరు. 1983లో యొహానెస్ ఫాబియాన్ అనే మానవశాస్త్రవేత్త తన శాస్త్రం చేసిన ఈ పనినే తప్పుపట్టాడు. ఎదురుగా కూర్చుని మాట్లాడిన మనిషిని, రాసేటప్పుడు మాత్రం మరో యుగంలోకి నెట్టేస్తారని.

యానాదులకు పాత ఆటపట్టు శ్రీహరికోట దీవి, అప్పటి నెల్లూరు జిల్లా. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రాకెట్ లేచింది. చిన్న రాకెట్టే, దాని పేరు రోహిణి. కార్తెల్లో ఒకదాని పేరూ అదే, ఎంత ఆలోచించి పెట్టారో నాకు తెలియదు. ఆ కేంద్రం కోసం అక్కడి యానాదులను ఖాళీ చేయించారు. పది, తొమ్మిది, ఎనిమిది అని వెనక్కి లెక్కపెట్టే ఆ మైకు గొంతు దేశమంతా విన్నాం. అంతకంటే తిన్నని గీత కాలానికి ఇంకెక్కడా లేదు. ఆ దీవి కథను నవలగా రాయాలంటే ఏ వాక్యంతో మొదలుపెట్టాలి? రాకెట్‌తో మొదలుపెడితే యానాదులు అడ్డం తొలగిన మనుషులవుతారు. వాళ్ళతో మొదలుపెడితే ఆ రాకెట్ అబామే సైకిలులా కనిపించవచ్చు. వాస్తవం ఒకటే, ఎక్కడ మొదలుపెట్టామన్న దాన్ని బట్టి కథ రెండుగా చీలిపోయింది.

ఎక్కడ మొదలుపెట్టాలన్న ఈ ప్రశ్నను అరుంధతీ రాయ్ ‘ది గాడ్ ఆఫ్ స్మాల్ థింగ్స్’ (1997)లో నేరుగా పట్టుకుంటుంది. కథ కేరళలోని అయ్మనంలో, 1969లో రెండు వారాలు, మళ్ళీ 1993లో. లండన్ నుంచి వచ్చిన చిన్నపిల్ల చనిపోయిందని మొదటి అధ్యాయంలోనే తెలిసిపోతుంది. ఇదంతా ఆ పిల్ల వచ్చిన రోజున మొదలైందని ఒక రకంగా చెప్పొచ్చు, అంటుంది రచయిత్రి. ఇంకో రకంగా చూస్తే బ్రిటిష్ వాళ్ళకంటే ముందు, డచ్చివాళ్ళకంటే ముందు, వాస్కోడిగామాకంటే ముందు, ఎవరు ఎవర్ని ఎంత ప్రేమించాలో చట్టం రాసుకున్న రోజున మొదలైందని కూడా చెప్పొచ్చు. ఆ చట్టం కులానిది. ఇలా ఒక్క పేజీలో ఆమె వలస పాలనను కథ మొదట్లోంచి తీసి మధ్యలోకి తెచ్చిపెట్టింది. అన్ని కష్టాలూ దొరలతోనే మొదలయ్యాయని చెప్పుకునే మన అలవాటుకు అది పెద్ద దెబ్బ.

దళితుడైన వెళుత్తను పోలీసులు కొట్టడం మనం 18వ అధ్యాయంలో చూస్తాం. నవల అక్కడ అయిపోదు. ఇంకో మూడు అధ్యాయాలు నడిచి, వెనక్కి వెళ్ళి, ఆ చిన్నపిల్ల మేనత్త అమ్ము, వెళుత్త మొదటిసారి కలిసిన రాత్రి దగ్గర ఆగుతుంది. చివరి మాట ‘రేపు’. వాళ్ళిద్దరికీ అది రేపు మళ్ళీ కలుద్దామన్న మాట. మనకు మాత్రం ఆ రేపుల్లో ఏముందో ముందే తెలుసు. జరిగిన వరసలో చెప్పి ఉంటే ఈ నవల చావుతో ముగిసేది, శిక్షదే ఆఖరి మాట అయ్యేది. వరస మార్చడంతో ప్రేమకు ఆఖరి మాట దక్కింది. చట్టాన్ని ఓడించలేదు, దానికి ముగింపు మాత్రం ఇవ్వలేదు. చదివి కొన్ని రోజులు నేను ‘రేపు’ అనే మాట వాడటానికి ఇబ్బంది పడ్డాను.

ఇక మొదట్లో వదిలేసిన ‘అనంతరం’ సంగతి. నేరస్థ తెగల చట్టం 1871లో వచ్చింది. తర్వాత మా ప్రాంతంలో ఎరుకల వాళ్ళను దాని కిందికి తెచ్చి, కావలి సెటిల్మెంటులో పెట్టారు. ఆ చట్టం కింద ఉన్న మనిషికి కాలం అంటే హాజరు. చెప్పిన వేళకు వచ్చి కనపడాలి, ఊరు దాటాలంటే కాగితం ఉండాలి. దేశానికి 1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యం వచ్చింది. ఆ చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న. అయిదేళ్ళు తేడా. విముక్త జాతుల వాళ్ళు ఆ ఆగస్టు 31నే తమ పండగగా చేసుకుంటారు. అప్పట్లో ప్రకాశం జిల్లాలో ఉన్న కారంచేడులో 1985లో దళితుల్ని వెంటాడి చంపారు. అక్కడ అనంతరం ఏ తేదీన వచ్చిందని లెక్కకట్టాలి? వలసానంతర నవల అనగానే 1947కు ముందూ వెనకా అని గీత గీసి కూర్చుంటే, ఒకే ఊళ్ళో వేర్వేరు కాలాల్లో బతుకుతున్న మనుషులు కనపడరు.

రష్దీ ‘మిడ్‌నైట్స్ చిల్డ్రన్’ (1981) గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, పిల్లలు దాన్ని చదవకుండానే భయపడతారు గనుక. కథకుడు సలీం సరిగ్గా స్వాతంత్ర్యం వచ్చిన అర్ధరాత్రి పుడతాడు. మొదటి వాక్యంలోనే పుట్టాడు గానీ, కథలో పుట్టడానికి వంద పేజీలు పైనే పడుతుంది. అతను 1915లో తాత దగ్గర మొదలుపెడతాడు. వింటున్న పద్మకు ఓపిక ఉండదు, ‘తర్వాతేమైంది’ అని పొడుస్తూ ఉంటుంది. బుర్రకథలో పక్కనుండే వంతపాటగాడు కథకుణ్ణి అడ్డగించి, ఈనాటి సంగతి ఒకటి అందించి, మళ్ళీ దారిలో పెడతాడు చూడండి, పద్మ అలాంటిది. సలీం గాంధీ చనిపోయిన తేదీ తప్పు చెప్తాడు. తప్పని తెలిశాక కూడా దిద్దడు. అతని పని పచ్చళ్ళ ఫ్యాక్టరీలో. ఒక్కో అధ్యాయాన్ని ఒక్కో జాడీలో పచ్చడి పెట్టానంటాడు. ఆవకాయ పెట్టే ఇంట్లో పెరిగిన మనకు ఇది వివరించక్కర్లేదు. మూడో నెల ఆవకాయలో ఉన్నది చెట్టు మీది మామిడి కాదు, అలాగని మామిడి కాకుండానూ పోలేదు. జ్ఞాపకం కూడా ఊరుతుంది, ఉప్పు పడుతుంది, రుచి మారుతుంది. తేదీ తప్పినంత మాత్రాన అది పాడైపోయినట్టు కాదు. అచెబె దొర రాసే పేరాలో తేదీ కచ్చితంగా ఒప్పే ఉంటుంది. ఆ మాటకొస్తే తేదీ ఒక్కటే ఒప్పు ఉంటుంది.

మళ్ళీ మా కనిగిరి కుర్రాడి దగ్గరికి. నవల అయిపోయిన రోజున అతను ఇంకో ప్రశ్న వేశాడు. "ఆ దొర పుస్తకం దొరుకుద్దా సార్?"

దొరకదు, అది కల్పన అన్నాను. కానీ నెల్లూరు జిల్లా మీద అలాంటి ఒక దొర రాసింది ఉందని చెప్పాను. జాన్ బాస్వెల్ రాసిన జిల్లా మాన్యువల్, 1873. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో కాబట్టి, కనిగిరి అప్పుడు నెల్లూరు కిందే ఉండేది. వారం తిరక్కుండా స్కాన్ కాపీ ఫోన్లో పెట్టుకుని స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడ్డాడు. కనిగిరి అని కొట్టి వెతుకుతున్నాడు.

"మీ ఊరు ఉందా?"

తల ఎత్తలేదు. వేలితో పైకి జరుపుతూనే ఉన్నాడు.

"తాలూకా ఉంది సార్. మావాళ్ళు ఎన్ని పేరాలో చూస్తన్నా."